జాతరకు బందోబస్తు, నిరసనకు అనుమతి

(ఆస్పరిలో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



చట్టంలోనూ ప్రజాజీవితంలోనూ నిరసనకున్న అర్థాల గురించి నన్ను మాట్లాడమన్నారు. ఇలాంటి శీర్షిక యూనివర్సిటీ సెమినార్లలో బాగుంటుంది. ఆస్పరిలో మీ ఎదుట నిలబడి నిరసన అంటే ఏమిటో చెప్పడానికి మాత్రం నాకు కొంచెం సంకోచంగా ఉంది. ఎండాకాలం వస్తే ఈ పడమటి కర్నూలు పల్లెల్లో ఆడవాళ్ళు ఖాళీ బిందెలు రోడ్డుకడ్డంగా వరసగా పెట్టి కూర్చోవడం, ధర లేనప్పుడు రైతులు టమోటా గంపలు రోడ్డుమీద కుమ్మరించడం మీరు చూసినవే. చూడడమేమిటి, మీలో కొందరు ఆ బిందెల వెనక కూర్చున్నవాళ్ళే. కాబట్టి మీకు తెలిసినదాన్ని మీకే చెప్పను. అలా కూర్చున్న మనిషి చట్టం కంటికి ఎలా కనిపిస్తుంది, పోలీసు కంటికి ఎలా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళ కంటికి ఎలా కనిపిస్తుంది అన్నదే ఈ పూట మాట్లాడతాను.

మీ మండలంలోనే ఉన్న కైరుప్పలతో మొదలుపెడతాను. ఉగాది మరుసటిరోజు అక్కడ పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామి పక్షం ఒకవైపు, కాళమ్మ పక్షం ఒకవైపు చేరి వేలాదిమంది పిడకలు విసురుకుంటారు. దెబ్బలు తగులుతాయి, రక్తం కారుతుంది, విభూతి రాసుకుని నవ్వుకుంటూ ఇంటికి పోతారు. హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి జరిగే బన్ని ఉత్సవం ఇంకా తీవ్రమైనది. మాళమల్లేశ్వరస్వామి ఉత్సవ విగ్రహాల కోసం కర్రలతో కొట్టుకుంటారు. ప్రతి యేటా తలలు పగులుతాయి. ప్రాణాలు పోయిన సంవత్సరాలూ ఉన్నాయి. పోలీసులు కర్రలు స్వాధీనం చేసుకుంటారు, నిషేధాజ్ఞలు పెడతారు, ఊరూరా తిరిగి వద్దని నచ్చచెబుతారు. అయినా ఆ రాత్రి వచ్చేసరికి ఏం జరుగుతుంది? వందలాది పోలీసుల బందోబస్తు ఉంటుంది, డాక్టర్లతో తాత్కాలిక ఆస్పత్రి ఉంటుంది, అంబులెన్సులు ఉంటాయి. అంటే ఉత్సవం జరగాలా వద్దా అనే ప్రశ్న అక్కడ తలెత్తదు. జరుగుతుంది కాబట్టి నష్టం తగ్గేట్టు ఎలా చూడాలన్నదే ప్రశ్న.

నేను ఉత్సవాలకు వ్యతిరేకిని కాదు. కర్రల సంగతి వేరే పూట మాట్లాడుకుందాం. నేను అడిగేదల్లా ఒక్కటే. నలభైమంది ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలతో రోడ్డుమీదికి వచ్చినప్పుడు మొదట వినబడే మాట ఏది? "ఎవరి పర్మిషన్ తీసుకున్నారు?" దేవరగట్టులో కర్ర పట్టుకున్నవాడిని ఈ మాట ఎవరైనా అడిగారా? అతనికి ఉన్నది ఆచారం. ఈమెకు ఉన్నది రాజ్యాంగంలో రాసిన హక్కు. 19వ అధికరణంలో మొదటి క్లాజులో (బి) కింద, శాంతియుతంగా ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కు అని ఉంది. ఆయుధాలు లేకుండా! చట్టం పుస్తకంలో ఆమె స్థానం అతని స్థానం కంటే ఎంతో గట్టిది. రోడ్డుమీద మాత్రం తలకిందులు. ఆచారానికి బందోబస్తు ఇస్తారు, హక్కును మాత్రం అనుమతి తెచ్చుకోమంటారు. ఈ తలకిందుల వ్యవహారం ఎక్కడినుంచి వచ్చిందో అర్థం చేసుకుంటే మనం చేయాల్సిన పని సగం తేలుతుంది.

నిరసన అనే మాట మన రాజ్యాంగంలో లేదు. మాట్లాడే హక్కు ఉంది, గుమికూడే హక్కు ఉంది, సంఘం పెట్టుకునే హక్కు ఉంది. ఈ మూడింటినీ కలిపి నిరసన హక్కును కోర్టులు తయారుచేశాయి. 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో, బీహార్ ప్రభుత్వోద్యోగులు ప్రదర్శనలు చేయకూడదన్న నియమాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రదర్శన కూడా ఒక రకమైన భావప్రకటనేనని చెప్పింది. కానీ అదే తీర్పులో సమ్మె మాత్రం ప్రాథమిక హక్కు కాదన్నది. ఈ రెండో ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో, రోడ్లమీద సభలను క్రమబద్ధం చేయవచ్చుగానీ ఏ ప్రమాణమూ లేకుండా పర్మిషన్ నిరాకరించే అధికారాన్ని పోలీసు అధికారి చేతిలో పెట్టడం చెల్లదని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

ఇదంతా సుప్రీంకోర్టు మెట్లమీది సంగతి. మన మండలంలో పనిచేసే చట్టాలు వేరు. ఒకటి 1861 నాటి పోలీసు చట్టం, దాని 30వ సెక్షన్. 1857 తిరుగుబాటు అయిన నాలుగేళ్ళకు, ఇంకెప్పుడూ జనం అలా లేవకూడదని తెల్లదొరలు రాసుకున్న చట్టం అది. రెండోది నూటనలభై నాలుగు. 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 163వ సెక్షన్ అయింది. అంకె మారింది తప్ప అధికారం మారలేదు. అయిదుగురు చేరితే చట్టవిరుద్ధ సమావేశం అనే మాట మీరు వినే ఉంటారు. అయిదుగురు చేరినంతమాత్రాన నేరం కాదు. వాళ్ళ ఉమ్మడి ఉద్దేశం చట్టం చెప్పిన నేరాల్లో ఏదో ఒకటి అయి ఉండాలి. నీళ్ళడగడం ఆ నేరాల్లో లేదు. అయినా స్టేషన్‌లో ఈ అయిదు అంకెను బెదిరింపుగా వాడతారు.

మన రాష్ట్రంలోనే ఈమధ్య జరిగినది ఒకటి చెబుతాను. 2022 డిసెంబరు చివర కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి ఎనిమిదిమంది చనిపోయారు, మూడునాలుగు రోజుల్లోనే గుంటూరులో మరో ముగ్గురు చనిపోయారు. ఆ వెంటనే 2023 జనవరిలో అప్పటి ప్రభుత్వం జీవో నెంబరు 1 తెచ్చింది. అదే 30వ సెక్షన్ ఆధారంగా రోడ్లమీద సభలకు దాదాపు తలుపులు మూసేసింది. అదే సంవత్సరం మే నెలలో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. జనం చనిపోయారన్నది నిజం, ఏదో ఒక జాగ్రత్త తీసుకోవాలన్నదీ నిజం. కానీ చూడండి, దేవరగట్టులో ప్రాణం పోతే తర్వాతి యేడు డాక్టర్లను పెంచుతారు. రాజకీయ సభలో ప్రాణం పోతే సభనే ఆపమంటారు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఇంతే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ధర్నా, అధికారంలోకి వచ్చాక శాంతిభద్రతలు.

ఇక మన సంగతికి వద్దాం. అనుమతి తీసుకోవాలి, ముందుగా చెప్పాలి, నిర్ణీత స్థలంలోనే కూర్చోవాలి. పైకి ఇవి ఆడామగా తేడా లేని నియమాలే. 2020 అక్టోబరులో షహీన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా, ప్రజల దారిని నిరవధికంగా ఆక్రమించకూడదు, నిరసనలు కేటాయించిన స్థలాల్లోనే జరగాలి అన్నది. షహీన్‌బాగ్‌లో మూడు నెలలకు పైగా చలిలో కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్ళే, ముసలమ్మలతో సహా. వాళ్ళు ఎంచుకున్న స్థలం వాళ్ళ ఇళ్ళకు పక్కనే. ఎందుకంటే పిల్లలకు అన్నం పెట్టి వచ్చి కూర్చోవాలి, మళ్ళీ పోవాలి. ఢిల్లీ నడిబొడ్డునున్న జంతర్‌మంతర్‌కు రోజూ పోయి రాగలిగేవాళ్ళు వేరే రకం మనుషులు.

దీన్ని మన పడమటి కర్నూలుకు తెచ్చి చూడండి. పంటలు లేక సుగ్గికి పోయే కుటుంబాలు ఇక్కడ ఎన్ని! గుంటూరు మిరప కోతలకు, పత్తి తీతకు, బెంగళూరు కట్టడం పనులకు నెలల తరబడి పోతారు. ఇంటికి తాళం పడుతుంది, లేదా ముసలివాళ్ళకూ పిల్లలకూ ఇల్లు వదిలేస్తారు. ఊళ్ళో మిగిలిన ఆడమనిషికి నీళ్ళు రాని రోజే నిరసన తెలిపే రోజు. మూడు రోజుల ముందు నోటీసివ్వడానికి నీళ్ళు ఆమెకు నోటీసిచ్చి ఆగిపోలేదు కదా! ఆమెకు నిర్ణీత స్థలం జిల్లా కేంద్రంలో ఉంటే అక్కడికి పోను రాను ఒక రోజు కూలి, పైన బస్సు చార్జీ. కాబట్టి ఆమె తన కొళాయికి దగ్గరగా, బస్సు ఆగే చోట కూర్చుంటుంది. చట్టం ఆమె కూర్చున్న చోటునే చూస్తుంది, ఎందుకు కూర్చుందో చూడదు. కేసు కాగితంలో రాకపోకలకు అంతరాయం అని ఉంటుంది. ఆ బిందెలో నీళ్ళు లేవని ఎక్కడా ఉండదు.

మీలో కొందరు అంటారు, అర్జీ ఉంది కదా అని. ఉంది. స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. సోమవారం సోమవారం క్యూలో నిలబడితే కాగితం తీసుకుంటారు, నెంబరు ఇస్తారు, ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఫోను మామూలుగా ఆమె మొగుడి దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఆ ఫోనులో చదివి ఆశ్చర్యపోయిన ఆడవాళ్ళు నాకు చాలామంది తగిలారు. అర్జీకి రసీదు దొరుకుతుంది, రోడ్డుమీద కూర్చుంటే జవాబు దొరుకుతుంది. ఈ అనుభవం జనాన్ని రోడ్డుకు అలవాటు చేసింది తప్ప, ఎవరో రెచ్చగొడితే వచ్చినవాళ్ళు కారు. అయితే ఆగిన బస్సులో నొప్పులు పడుతున్న గర్భిణి ఉండొచ్చు, పరీక్షకు పోయే పిల్ల ఉండొచ్చు. ఆ ప్రశ్నను మనం తప్పించుకోకూడదు. అంబులెన్సుకూ ఆస్పత్రికి పోయేవాళ్ళకూ దారి వదలడం మన క్రమశిక్షణలో భాగం కావాలి. అది పోలీసులు మెచ్చుకుంటారని కాదు, ఆ గర్భిణి కూడా మన మనిషే కాబట్టి.

ఇక్కడికి దగ్గర్లోనే జరిగిన ఉదాహరణ కప్పట్రాళ్ళ. దేవనకొండ మండలం, మన ఆలూరు నియోజకవర్గంలోదే. ఒకప్పుడు ఫ్యాక్షన్ హత్యలతో పేపర్లకెక్కిన ఊరు. 2024లో ఆ ఊరి రిజర్వు అడవిలో యురేనియం కోసం 68 చోట్ల బోర్లు వేసి చూస్తామని కేంద్ర అణు ఇంధన శాఖ కింది ఖనిజాన్వేషణ విభాగం ప్రతిపాదించింది. అది తవ్వకం కాదు, అన్వేషణే అని అధికారులన్నారు. సాంకేతికంగా అది నిజమే. కానీ కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని చుట్టుపక్కల పల్లెలవాళ్ళు తమ బోరునీళ్ళ గురించీ పంటల గురించీ ఏళ్ళ తరబడి మొరపెట్టుకుంటున్న సంగతి ఇక్కడి జనానికి తెలుసు. 2019లో నల్లమలను కాపాడాలని రెండు రాష్ట్రాల్లోనూ గొడవ లేచిన సంగతీ తెలుసు. అసలే నీళ్ళు లేని ప్రాంతం. 2024 నవంబరు మొదట్లో ఆ చుట్టుపక్కల పల్లెల జనం కర్నూలు–బళ్ళారి రోడ్డుమీదికి వచ్చారు. కొద్ది రోజుల్లోనే, ఆ బోర్లు వేయబోమని ప్రభుత్వం తరఫున జిల్లా కలెక్టరు ప్రకటించవలసి వచ్చింది.

దీన్ని విజయమని చెప్పి వదిలేయవచ్చు. నాకు దానికంటే ముఖ్యమనిపించింది ఇంకొకటి. ఈ ప్రాంతంలో జనం గుంపుగా చేరారంటే ఒకప్పుడు ఒక నాయకుడి మనుషులని అర్థం. గుంపుకు యజమాని ఉండేవాడు. యురేనియం విషయంలో గుంపు ఊరిది. నీళ్ళ పేరున, పొలం పేరున, అడవిలో మేసే గొర్రెల పేరున చేరిన గుంపు. ఫ్యాక్షన్ గుంపులో ఆడదానికి చోటు లేదు. చచ్చినవాడి పెళ్ళాంగా ఏడవడానికి తప్ప. ఇలాంటి గుంపులో చోటుంది. ఎంత చోటు అన్నది అడగాల్సిన ప్రశ్న. ఎన్ని ధర్నాలు చూశాను! ముందు వరుస ఆడవాళ్ళది, మైకు మగవాళ్ళది. లాఠీ పడకుండా అడ్డంగా ఆడవాళ్ళను కూర్చోబెట్టి, అధికారితో మాట్లాడడానికి లోపలికి పోయే అయిదుగురిలో ఒక్క ఆడమనిషినీ పంపని ఉద్యమాలు మనవే. వామపక్ష సంఘాలకూ, కుల సంఘాలకూ, మన స్వచ్ఛంద సంస్థలకూ ఇందులో తేడా లేదు.

ఇప్పుడు ఆ రెండో ముక్క, సమ్మె సంగతి. 2023 డిసెంబరు 12న రాష్ట్రమంతటా అంగన్‌వాడీ వర్కర్లూ హెల్పర్లూ సమ్మెకు దిగారు. వర్కరుకు 11,500, హెల్పరుకు 7,000. కనీస వేతనం కావాలి, గ్రాట్యుటీ కావాలి అన్నారు. అంగన్‌వాడీలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. జీతం పెంచమంటే ప్రభుత్వం ఎప్పుడూ చెప్పేది ఏమిటి? మీరు ఉద్యోగులు కారు, గౌరవ వేతనం మీద సేవ చేసే వాలంటీర్లు అని. 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు కూడా వీళ్ళవి ప్రభుత్వోద్యోగాలు కావన్నది. సరే. మరి సమ్మె సాగుతుండగా 2024 జనవరి 6న ఏం చేశారు? 1971 నాటి అత్యవసర సేవల చట్టం, ఎస్మా, ప్రయోగించారు. ఆరు నెలలు సమ్మె నిషేధం అన్నారు. జీతం అడిగిన రోజు వాలంటీరు, పని ఆపిన రోజు అత్యవసర సేవ! పిల్లకు పాలు పట్టడం, బాలింతకు గుడ్డు ఇవ్వడం, తూకం వేయడం, రికార్డు రాయడం, ఇదంతా ఎంత ముఖ్యమైన పనో రాజ్యం ఒప్పుకున్నది ఆ ఒక్క రోజే, అదీ శిక్ష వేయడానికి. ఇంట్లో ఆడవాళ్ళ చాకిరీకి ఉన్న అర్థమూ ఇదే కదా. పొయ్యి వెలగని రోజునే ఆమె చేసేది పని అని ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

ఎస్మాకు భయపడి వాళ్ళు లేవలేదు. మొత్తం 42 రోజులు కూర్చున్నారు. జనవరి 22 రాత్రి చర్చలు జరిగి, హామీలు తీసుకుని విరమించారు. అడిగినవన్నీ రాలేదు. కానీ ఆ 42 రోజుల్లో చట్టం మాటలను ఆ ఆడవాళ్ళు బట్టబయలు చేసినంతగా, సమాజశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికే నాలాంటివాళ్ళం పదేళ్ళు రాసినా చేయలేకపోయాం.

మనకింకా పాత ఉదాహరణ 1992 నాటి సారా వ్యతిరేకోద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. తర్వాత ఆ జిల్లాలో సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. ఆనాడు చట్టం ఎవరివైపు ఉంది? వేలంపాట చట్టబద్ధం, దుకాణం చట్టబద్ధం. అడ్డుకున్న ఆడవాళ్ళదే చట్టవిరుద్ధం. 1993 ఏప్రిల్‌లో నెల్లూరులో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధ చట్టమే వచ్చింది. నిన్న నేరమైనది ఇవాళ చట్టమైంది. మళ్ళీ 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించేశారు. చట్టం తెచ్చేదాకా ఆడవాళ్ళు కావాలి, తీసేసేటప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. నిరసన హక్కు గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది దాన్ని ఒక రోజు సంఘటనగా చూస్తారు. గెలిచినదాన్ని నిలబెట్టుకోవడానికి మళ్ళీ అదే రోడ్డుకు రావలసి ఉంటుందన్నది మనం ఆలస్యంగా నేర్చుకున్న పాఠం.

అర్జెంటీనాలో 1977లో సైనిక ప్రభుత్వం మాయం చేసిన తమ పిల్లల కోసం పద్నాలుగుమంది తల్లులు రాజధానిలోని మే చౌకులో నిలబడ్డారు. గుంపుగా నిలబడడం నిషేధం, కదలండి అన్నారు పోలీసులు. సరే, కదులుతాం అని ఇద్దరిద్దరుగా చౌకు చుట్టూ నడవడం మొదలుపెట్టారు. ఆ నడక గురువారం గురువారం దశాబ్దాలు సాగింది. పోలీసు ఆజ్ఞనే నిరసన రూపంగా మార్చుకున్నారన్నమాట. మన ఆడవాళ్ళు ఖాళీ బిందెను తేవడం కూడా అలాంటి తెలివే. దాన్ని ఆయుధం అని ఎవరూ రాయలేరు, అది ఆమె రోజూ మోసే వస్తువు.

ఇక మన సంస్థల సంగతి. పదిహేనేళ్ళుగా నేను చూస్తున్న మార్పు ఒకటి నాకు నచ్చడం లేదు. మేం శిక్షణ ఇస్తాం, సర్వే చేస్తాం, నిరసన మా పని కాదు అనే మాట కార్యకర్తల నోట ఎక్కువ వినిపిస్తోంది. విదేశీ నిధుల చట్టం భయం ఉంది, కాదనను. జీతాలు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. కానీ మన రిపోర్టులో మహిళా సాధికారత అని రాసుకునే ఊరి ఆడవాళ్ళు రోడ్డుమీద కూర్చున్న రోజు మనం ఆఫీసులో కూర్చుంటే, ఆ మాటను వాళ్ళు మనకంటే బాగా అర్థం చేసుకుంటారు. బ్యానరు పట్టుకోలేకపోతే పట్టుకోవద్దు. కాగితం పనైనా చేయవచ్చు కదా.

ఆ కాగితం పని గురించి చెప్పి ముగిస్తాను. నిరసన చేసే ముందు పోలీసు స్టేషనుకు రాసే ఉత్తరంలో "అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థన" అని రాయడం మానండి. ఫలానా రోజు ఫలానా చోట శాంతియుతంగా సమావేశమవుతున్నాం, బందోబస్తు ఏర్పాటు చేయగలరు అని రాయండి. దేవరగట్టుకు ఇచ్చేదే మనకూ ఇమ్మనండి. రెండో కాపీ మీద స్టేషను ముద్ర, తేదీ వేయించుకోండి. 30వ సెక్షన్ అమల్లో ఉంది, లైసెన్సు తీసుకోవాలి అంటే ఆ నోటిఫికేషన్ కాపీ అడగండి. వద్దంటే కారణంతో సహా రాసివ్వమనండి. చాలాచోట్ల రాసివ్వరు. నోటితో చెప్పే "లేదు" కాగితం మీదికి రావడానికి జంకుతుంది. పొద్దుగూకాక, పొద్దు పొడవక ముందు ఆడవాళ్ళను అరెస్టు చేయకూడదని కొత్త సంహిత 43వ సెక్షన్‌లోనూ ఉంది. తప్పనిసరి పరిస్థితి అయితే మహిళా పోలీసు అధికారి రాతపూర్వకంగా నివేదించి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి. చూశారా, అక్కడ అనుమతి అడగాల్సినవాళ్ళు వాళ్ళు.

కేసు పడితే దాని భారం ఎవరి మీద పడుతుందో కూడా ముందే లెక్క వేసుకోవాలి. వాయిదాకు ఆదోనికి పోయిన ప్రతి రోజూ ఒక కూలి పోతుంది. సుగ్గికి పోయినప్పుడు వాయిదా తప్పితే వారంటు వస్తుంది. రోడ్డుమీద నీళ్ళకోసం కూర్చున్నందుకు పడిన కేసులో వారంటు వచ్చి, మిరప తోటలో పని వదిలి రావలసి వచ్చిన ఒక చెల్లెలు నాకు తెలుసు. ఊళ్ళో ఆమెకు తోడు వచ్చినవాళ్ళు లేరు. ఇంట్లో తిట్లు వేరే. ఆ తర్వాత ఆమె ఏ మీటింగుకూ రాలేదు, నేను రమ్మని అడగనూ లేదు. మీ మీ మండలాల్లో గత పదేళ్ళలో నిరసనల్లో ఆడవాళ్ళ మీద పెట్టిన కేసులెన్ని, ఎన్ని ఇంకా నడుస్తున్నాయి, వాయిదాలకు ఎవరు తోడు పోతున్నారు, ఈ వివరాలు ఏ సంస్థ దగ్గరా ఒకచోట లేవు. ఎఫ్ఐఆర్ నెంబర్లతో సహా రాసుకుని వచ్చే సమావేశానికి తీసుకురండి. పేర్లు బయటపెట్టవద్దు. ముందు ఆ జాబితా తయారుచేద్దాం, లాయర్ల సంగతి ఆ తర్వాత చూద్దాం.